ఒకే నది, రెండు నగరాలు: హాంబర్గ్ కలరా వెలుగులో మానవ భూగోళశాస్త్రపు తొలి పాఠాలు

మానవ భూగోళశాస్త్రానికి ప్రవేశికగా రాసిన పుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో కనిపించే మాటలు ఇంచుమించు ఒకటే: ఉనికి, స్థలం, ప్రాంతం, వ్యాపనం, వలస, భూదృశ్యం, స్కేలు. మనిషికీ అతని పరిసరాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించే శాస్త్రం అన్న నిర్వచనంతో పాఠం మొదలవుతుంది. ప్రకృతే మనిషిని శాసిస్తుందనే పర్యావరణ నిర్ణయవాదం, ప్రకృతి అవకాశాలను మాత్రమే ఇస్తుందనీ ఎంపిక మనిషిదేననీ చెప్పే సాధ్యతావాదం ఆ వెంటనే వస్తాయి. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఈ క్రమం బాగా పరిచితం. పరీక్ష రాయడానికి అది చాలు. కానీ ఒక భావన విలువ దాని నిర్వచనంలో ఉండదు. నిజంగా జరిగిన ఒక సంఘటనకు నలుగురు నాలుగు కారణాలు చెప్పినప్పుడు, వాటిలో నిలిచేదేదో నిలవనిదేదో తేల్చుకోవడానికి అది తోడ్పడాలి. అటువంటి పరీక్షకు 1892లో హాంబర్గ్ నగరాన్ని కుదిపేసిన కలరా కంటే తగిన సందర్భం అరుదు. ఒకే నది, ఒకే వాతావరణం, ఒకదానినొకటి ఆనుకున్న రెండు నగరాలు. ఒకదానిలో వేలమంది మరణించారు, రెండవది దాదాపు బయటపడింది.

ఉనికి అనే భావన

ప్రవేశిక పుస్తకాలు నగరాల గురించి చెప్పేటప్పుడు రెండు రకాల ఉనికిని వేరు చేస్తాయి. నగరం నిలిచిన నేల స్వభావం ఒకటి. చుట్టూ ఉన్న లోకంతో దానికున్న సంబంధం రెండవది. హాంబర్గ్‌కు ఈ పాఠం అచ్చుగుద్దినట్టు సరిపోతుందని అనిపిస్తుంది. ఉత్తర సముద్రానికి సుమారు 100 కిలోమీటర్ల లోపల, ఆల్‌స్టర్ నది ఎల్బె నదిలో కలిసేచోట ఉంది ఆ ఊరు. సముద్రపు పోటు అక్కడిదాకా ఎక్కివస్తుంది కనుక ఓడలు వస్తాయి. ఎల్బె ఎగువన బొహీమియా వరకు విస్తరించిన పృష్ఠభూమి ఆ ఓడలకు సరుకునిస్తుంది. కనుక అది రేవు పట్టణమైంది. ఇంతవరకు వివరణ సాఫీగా నడుస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ ఉనికి నదితో పాటు పుట్టినది కాదు. నదిని తవ్వి లోతు పెంచినవారున్నారు. 1888లో హాంబర్గ్ జర్మన్ సుంకాల వ్యవస్థలో చేరినప్పుడు, రేవులో ఒక భాగాన్ని మాత్రం సుంకం లేని మండలంగా ఉంచుకోవడానికి బేరమాడి సాధించినవారున్నారు. ఆ మండలంలో ష్పైషర్‌ష్టాట్ అనే గోదాముల నగరాన్ని కట్టడానికి కెర్‌వీడర్, వాండ్రాం వాడలను పడగొట్టారు. సుమారు ఇరవై వేలమంది ఇళ్ళు కోల్పోయారు. రేవుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉంటేనే దినకూలి దొరికే కార్మికులు, గెంగెఫీర్టెల్ అనే ఇరుకు సందుల వాడల్లో ఇంకా ఇరుకుగా సర్దుకున్నారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఆ ఎర్ర ఇటుకల గోదాములను నేడు చూసేవారికి ఉనికి ఇచ్చిన వరం కనిపిస్తుంది. ఆ వరం వెలను చెల్లించినవారు కనిపించరు.

తెలుగు పాఠకులకు మచిలీపట్నం ఈ విషయాన్ని మరోవైపు నుంచి చెబుతుంది. గోల్కొండ రాజ్యపు ప్రధానమైన రేవు అది. దాని క్షీణతకు మేట వేసిన తీరమూ, 1864 నవంబరు నాటి తుపానూ కారణాలుగా పాఠాల్లో కనిపిస్తాయి. అవి అబద్ధాలు కావు. కానీ ఆ తీరం లోతు తక్కువగా ఉన్న రోజుల్లోనే అక్కడ డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకులు పోటీపడి కోఠీలు పెట్టుకున్నారు. గోల్కొండ పతనం, వ్యాపారం మద్రాసుకు కలకత్తాకు మళ్ళడం, కలంకారీకీ చేనేతకూ విదేశీ గిరాకీ పడిపోవడం లేకుండా ఆ కథ పూర్తికాదు. ఉనికి అనే భావనలోని లోపం ఇదే: అది ఫలితాన్ని కారణంగా చూపుతుంది. బాగుపడిన ఊరి ఉనికి మంచిదనీ చెడిన ఊరి ఉనికి చెడ్డదనీ తరువాత తీరికగా రాసుకోవచ్చు.

సరిహద్దు ఉన్న వీధి

1892 వేసవిలో ఎండలు తీవ్రం, ఎల్బెలో నీళ్ళు తక్కువ. ఆగస్టు మధ్యలో రేవు పనివారిలో తొలి రోగులు కనిపించారు. రోగం కలరాయేనని నగర పాలకులు ఒప్పుకుని ప్రకటించడంలో విలువైన రోజులు గడిచిపోయాయి. ప్రకటిస్తే రేవు మూతపడుతుందన్న భయం వారిది. బెర్లిన్ ప్రభుత్వం పంపగా రాబర్ట్ కోఖ్ ఆగస్టు 24న వచ్చేసరికి రోగం నగరమంతా పాకింది. శరదృతువు ముగిసేలోగా సుమారు 17,000 మందికి సోకి, 8,600 మందికి పైగా మరణించారు. ఆ పక్కనే, ప్రష్యా రాజ్యంలో భాగమైన ఆల్టోనాలో మృతుల సంఖ్య వందల్లోనే ఆగింది. వారిలోనూ పలువురికి హాంబర్గ్‌లోనే సోకిందని కోఖ్ వాదన.

రెండు నగరాలూ తాగింది ఎల్బె నీళ్ళే. పైగా ఆల్టోనా దిగువన ఉంది. హాంబర్గ్ మురుగు కలిసిన తరువాతి నీటినే అది తీసుకునేది. ఉనికిని బట్టి చూస్తే చావవలసింది ఆల్టోనా. తేడా ఒక్కటే. ఆల్టోనా తన నీటిని ఇసుక వడపోత గుండా పంపేది. హాంబర్గ్ 1842 నాటి అగ్నిప్రమాదం తరువాత ఇంజనీరు విలియం లిండ్లీ నిర్మించిన వ్యవస్థ ద్వారా రోటెన్‌బుర్గ్‌సోర్ట్ వద్ద నీటిని తోడి, చెరువుల్లో కాసేపు తేర్చి, వడపోయకుండా ఇళ్ళకు పంపేది. సముద్రపు పోటు వచ్చినప్పుడు దిగువన వదిలిన మురుగు ఎగువకు, నీరు తోడే చోటికి, చేరేది.

కోఖ్ చూపిన అన్నిటికంటే బలమైన సాక్ష్యం షుల్టర్‌బ్లాట్ అనే వీధి. రెండు నగరాల సరిహద్దు ఆ వీధి మీదుగా పోయేది. రోగం కూడా ఆ గీతను పాటించింది. అక్కడే ఉన్న హాంబర్గర్ హోఫ్ అనే ఇళ్ళ సముదాయం పాలనాపరంగా హాంబర్గ్‌ది, కానీ దానికి నీటి గొట్టం ఆల్టోనా నుంచి వచ్చేది. అందులో ఒక్కరికీ కలరా సోకలేదు. అదే చలికాలంలో ఆల్టోనాలో కొద్దిపాటి కలరా తలెత్తినప్పుడు, మంచు గడ్డకట్టి వడపోత ఇసుక పాడవడమే కారణమని కోఖ్ నిరూపించాడు. 1854లో లండన్‌లో జాన్ స్నో రెండు నీటి కంపెనీల ఖాతాదారుల మరణాలను పోల్చి చెప్పిన సంగతికి ఇది దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత వచ్చిన ధ్రువీకరణ.

దగ్గరగా ఉన్నవి దూరంగా ఉన్నవాటి కంటే ఎక్కువ సంబంధం కలిగి ఉంటాయన్నది భూగోళశాస్త్రపు మొదటి నియమమని వాల్డో టోబ్లర్ 1970లో అన్నాడు. చాలా సందర్భాల్లో అది పనికొచ్చే నియమమే. షుల్టర్‌బ్లాట్‌లో మాత్రం ఎదురింటివారి కంటే, ఊరి అవతలి కొసన ఒకే గొట్టం నీళ్ళు తాగేవారితో ఒకరి బతుకు ఎక్కువగా ముడిపడింది. దూరాన్ని అడుగుల్లో కొలవాలా, గొట్టాల్లో కొలవాలా? ఏ దూరం లెక్కకు వస్తుందో ముందుగా తేల్చుకోకుండా స్థలం అనే మాట వాడితే పటం గీయవచ్చు గాని కారణం చెప్పలేం.

నేల తప్పా, మనిషి తప్పా

మ్యూనిక్‌కు చెందిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ పారిశుద్ధ్య శాస్త్రానికి ఆద్యులలో ఒకడు. సూక్ష్మజీవి ఒక్కటే కలరా తేలేదనీ, నేల తేమ, భూగర్భ జలమట్టం, స్థానిక పరిస్థితులు అనుకూలిస్తేనే ఆ రోగం ప్రబలుతుందనీ ఆయన సిద్ధాంతం. దానిని నిలబెట్టుకోవడానికి 1892 అక్టోబరులో కలరా సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తాగాడు కూడా. కొద్దిపాటి విరేచనాలతో బయటపడ్డాడు. ఒక మనిషి బతికిపోవడం ఏ సిద్ధాంతానికీ రుజువు కాదని వైద్యవిద్యార్థులకు చెప్పడానికి ఈ ఉదాహరణ నేటికీ పనికొస్తుంది.

ఈ వాదం ఏ కాలంలో నడిచిందో గమనించదగినది. ఫ్రీడ్రిష్ రాట్‌సెల్ మానవ భూగోళశాస్త్రానికి పునాది గ్రంథమనదగిన తన రచన రెండు సంపుటాలను 1882లోనూ 1891లోనూ ప్రచురించాడు. నేల మనిషి జీవితాన్ని తీర్చిదిద్దుతుందన్న ఆలోచన అప్పటి జర్మనీలో పండితుల మధ్య గాలిలో ఉంది. పెటెన్‌కోఫర్ నిర్ణయవాది అనడం అతిశయోక్తి. మురుగునీటి పారుదల, మంచి గాలి, మంచి తిండి కావాలని జీవితాంతం పోరాడినవాడాయన. కానీ నేలమీద నేరం మోపే సిద్ధాంతం ఖర్చుకు వెనకాడే పాలకులకు అనుకూలించింది. నీటిలో ఏమీ లేదంటే వడపోతకు డబ్బు పెట్టనక్కరలేదు. హాంబర్గ్‌లో వడపోత మీద చర్చ ఏళ్ళ తరబడి సాగింది. 160 మంది సభ్యుల నగరసభలో 40 స్థానాలు స్థిరాస్తి యజమానులకు, మరో 40 పదవుల్లో ఉన్న ప్రముఖులకు కేటాయించినవి. తక్కినవారిని ఎన్నుకునే హక్కు కూడా రుసుము చెల్లించి పౌరసత్వం పొందినవారికే. పన్ను పెరుగుతుందన్న భయానికి అక్కడ గొంతు ఉంది. గెంగెఫీర్టెల్ దాహానికి లేదు.

మరి కోఖ్ వాదం నిర్దోషమా? శాస్త్రంగా గెలిచింది అదే. 1884లో కలకత్తా చెరువు నీటిలో కలరా సూక్ష్మజీవిని గుర్తించిన అనుభవంతో వచ్చినవాడాయన. గెంగెఫీర్టెల్ సందులు చూసి, తాను ఐరోపాలో ఉన్నానన్న సంగతి మరిచిపోతున్నానని అన్నాడన్నది ప్రసిద్ధం. ఆ మాటలో దయా ఉంది, ఒక పటమూ ఉంది. మురికికీ రోగానికీ సహజమైన చోటు ఆసియా అనీ, ఐరోపాలో అది పొరపాటున వచ్చిపడిందనీ చెప్పే పటం అది. ఆ పటం మీద వ్యాపనం అనే భావన బాణం గుర్తుగా మారుతుంది: ఉత్తర భారతం, ఆఫ్ఘనిస్తాన్, పర్షియా, రష్యా, హాంబర్గ్. బాణం మొన దగ్గర నిలబెట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. రష్యా సామ్రాజ్యం నుంచి అమెరికాకు పోతూ రేవులోని పాకల్లో ఓడకోసం ఎదురుచూస్తున్న యూదులు.

రోగం ఏ దారిన వచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చిన రోగం ఎనిమిది వేలమందిని ఎందుకు చంపగలిగిందన్నది వేరొక ప్రశ్న. బాణం మొదటిదానికే సమాధానం. ఆ ఏడాది కలరా ఆల్టోనాకూ వచ్చింది, బ్రేమెన్‌కూ వచ్చింది, అక్కడ ఆగింది. వ్యాపనాన్ని పాఠంగా చెప్పేటప్పుడు ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్ల వచ్చినవాడే దోషి అన్న భావం, ఎవరూ అనకుండానే, పాఠంలోకి చేరిపోతుంది.

వలస పాఠంలో కనిపించని దళారి

వలసలకు సూత్రాలు కట్టిన రావెన్‌స్టైన్ 1885 నాటివాడు. నెట్టే శక్తులు, లాగే శక్తులు అన్న జంట తరువాత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. రష్యాలో హింసా పేదరికం నెట్టాయి, అమెరికా లాగింది అని చెబితే వాక్యం పూర్తయినట్టే ఉంటుంది. కానీ ఆ ఇద్దరి మధ్య ఒక ఓడల కంపెనీ ఉంది. హాంబర్గ్-అమెరికా లైన్ టిక్కెట్లు అమ్మింది, ఏజెంట్లను పెట్టింది, కలరా తరువాత సరిహద్దుల్లో వైద్యపరీక్షా కేంద్రాల నిర్వహణలో పాలుపంచుకుంది. ఆల్బర్ట్ బాలిన్ నాయకత్వాన 1901లో ఫెడ్డెల్ దీవిలో వలసదారుల కోసం వసతిశాలలు తెరిచింది. 1850 నుంచి 1939 వరకు యాభై లక్షలమంది ఆ రేవు మీదుగా ఖండం దాటారని లెక్క.

కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి రంగూనుకు పోయిన తెలుగు కూలీల చరిత్రలోనూ ఇదే వరస. ముందుగా బాకీ ఇచ్చి మనుషులను కూర్చుకుపోయిన మేస్త్రీ లేకుండా, గంజాం విశాఖ జిల్లాల కరువునీ బర్మా వరిమిల్లుల గిరాకీనీ మాత్రమే చెబితే ఆ వలస అర్థం కాదు. నేటి వృత్తి నిపుణుల వలసలో మేస్త్రీ స్థానంలో కన్సల్టెన్సీ, వీసా నిబంధన, ఉద్యోగ ఒప్పందం ఉన్నాయి. బాధలో పోలిక లేదు గాని నిర్మాణంలో ఉంది. నెట్టడం లాగడం అనే బొమ్మలో తలుపు తెరిచేవాడికీ మూసేవాడికీ చోటు లేదు.

ఎవాన్స్ పుస్తకం: బలం, పరిమితి

ఈ మహమ్మారి మీద ఆంగ్లంలో ప్రామాణిక గ్రంథం రిచర్డ్ జె. ఎవాన్స్ 1987లో ప్రచురించిన ‘డెత్ ఇన్ హాంబర్గ్’. చరిత్రకారుడు రాసినదైనా మానవ భూగోళశాస్త్రం ఎలా రాయాలో చూపే పుస్తకమది. నీటి గొట్టాలు, ఇంటి అద్దెలు, పన్ను లెక్కలు, పాల సరఫరా, వైద్యుల తగాదాలు, నగరసభ చర్చలు ఒకే కథలోకి తెస్తుంది. ఒకే గొట్టం నీళ్ళు వచ్చినా ధనికుల కంటే పేదలు చాలా ఎక్కువగా చనిపోయారని ఆదాయ వర్గాల వారీగా నిరూపిస్తుంది. నీళ్ళు కాచుకోవడానికి బొగ్గు, కాచే పనిమనిషి, ఊరు విడిచిపోవడానికి రైలు ఛార్జీ ఉన్నవారికి ఆ గొట్టం అంత ప్రమాదకరం కాలేదు. షుల్టర్‌బ్లాట్ సాక్ష్యాన్ని ఇది ఖండించదు, పూరిస్తుంది: నగరానికీ నగరానికీ మధ్య తేడా వడపోతది, నగరం లోపలి తేడా వర్గానిది. స్కేలు అనే భావనకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఏ స్కేలులో చూస్తున్నామో దాన్నిబట్టి కారణం మారుతుంది. రెండూ నిజమే కావచ్చు.

పుస్తకపు పెద్ద నిర్ధారణ మాత్రం కొంత బిగువు తప్పుతుంది. వర్తకుల స్వేచ్ఛావాద పాలన విఫలమై, జోక్యం చేసుకునే ప్రష్యన్ రాజ్యపద్ధతి గెలిచిందన్నది దాని సారాంశం. కానీ ఆల్టోనాను కాపాడిన నీటి కేంద్రం 1859లో, ఆ ఊరు ఇంకా డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్నప్పుడు, బ్లాంకెనేసె గుట్టమీద ఏర్పడింది. ప్రష్యా దాన్ని వారసత్వంగా పొందింది. ఒక ఊరి భద్రతను ఆనాటి జెండా రంగుతో ముడిపెట్టడం కంటే, ముప్పై ఏళ్ళ ముందు ఎవరు ఏ నిర్మాణానికి డబ్బు పెట్టారన్నది చూడడం మేలు. గొట్టాలూ వడపోతలూ ప్రభుత్వాల కంటే ఎక్కువకాలం బతుకుతాయి.

ప్రాంతం పేరు, రోగం పేరు

ఈ పరీక్షను తెలుగు నేలకు తెస్తే ప్రాంతం అనే భావన ఎంత జాగ్రత్తగా వాడవలసినదో తెలుస్తుంది. నాటి మద్రాసు రాజధానిలో, నేటి ప్రకాశం జిల్లా పరిధిలోని పల్లెల్లో, ఫ్లోరోసిస్ ఉన్నదని 1937లో వైద్యులు తొలిసారి నివేదించారు. తరువాత నల్గొండ పేరు ఆ వ్యాధికి పర్యాయపదమైంది. నీటి నుంచి ఫ్లోరైడు తొలగించే పద్ధతికి కూడా ఆ జిల్లా పేరే పెట్టారు. ఇక్కడ నేల నిజంగానే కారణం: గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. అంతమాత్రాన నిర్ణయవాదం గెలవదు. బావులు లోతైన బోర్లుగా మారడం, కృష్ణా జలాలు పక్కనుంచే పారుతున్నా ఆ పల్లెలకు గొట్టం రావడానికి దశాబ్దాలు పట్టడం నేల చేసిన పనులు కావు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సంగతి ఇంకా కఠినం. కొబ్బరి, జీడిమామిడి తోటల ఆ సీమలో వందలాది కుటుంబాలను కుంగదీసిన మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. నీరు, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్యం అన్నీ చర్చలో ఉన్నాయి. కారణం తేలనిచోట ప్రాంతం పేరే కారణంగా చలామణి అయ్యే ప్రమాదం ఉంది. ఉద్దానం జబ్బు అనే మాట రోగనిర్ధారణ కాదు, చిరునామా. చిరునామా ఆసుపత్రి కట్టడానికి, మంచినీరు పంపడానికి ఉపయోగపడుతుంది. దానితోనే వివరణ ముగిసిందనుకుంటే పెటెన్‌కోఫర్ నేల మళ్ళీ తిరిగివస్తుంది.

విగ్రహంగా మారిన చరిత్ర

మహమ్మారి తరువాత కాల్టెహోఫె దీవిలో నిర్మాణంలో ఉన్న వడపోత కేంద్రాన్ని ఆదరాబాదరాగా పూర్తిచేసి 1893లో తెరిచారు. ఏళ్ళ తరబడి కుదరనిది నెలల్లో కుదిరింది. గెంగెఫీర్టెల్‌లో చాలాభాగాన్ని ఆపై దశాబ్దాల్లో పడగొట్టారు. ఆరోగ్యం పేరుతో ఖాళీ అయిన నేలలో కొంత మంకెబెర్గ్ వీధి వంటి వ్యాపార వీధులైంది. ఇళ్ళు పోయినవారిలో అందరికీ అదే చోట మెరుగైన ఇల్లు దొరకలేదు. మిగిలిన కొద్ది ఇళ్ళనూ 2009లో ఒక పెట్టుబడిదారు పడగొట్టబోతే, కళాకారులు ఆక్రమించి నిలబెట్టారు. నగరం వాటిని తిరిగి కొన్నది. యీ-ఫు తువాన్ చెప్పినట్టు ఖాళీ జాగా అనుభవం వల్లనే మనదైన చోటుగా మారుతుంది. కానీ ఎవరి అనుభవం చోటుగా నిలుస్తుందో, ఎవరిది చదును అవుతుందో నిర్ణయించేది అనుభవం ఒక్కటే కాదని ఈ వాడ చరిత్ర గుర్తుచేస్తుంది.

హాంబర్గ్ పురమందిరపు లోపలి ఆవరణలో హైజియా దేవత ఫౌంటెన్ ఉంది. కలరా జ్ఞాపకంగా కట్టిన ఆ శిల్పంలో ఆరోగ్యదేవత కాలికింద మహమ్మారి డ్రాగన్‌గా పడి ఉంటుంది. భూదృశ్యాన్ని చదవడం అనే పాఠానికి ఇది మంచి అభ్యాసం. ఆ శిల్పం చెప్పే కథలో శత్రువు బయటినుంచి వచ్చిన జంతువు, గెలిచింది దేవత. నీరు తోడిన చోటు, వాయిదా పడిన తీర్మానం, ఓటులేని అద్దెదారు అందులో లేరు. వాయిదాలు వేసిన సభ కూర్చునే భవనపు ఆవరణలోనే ఆ శిల్పం ఉండడం కూడా చదవవలసిన సంగతే.

మానవ భూగోళశాస్త్రపు తొలి పాఠాలను పారవేయాలని ఇందువల్ల తేలదు. ఉనికి, వ్యాపనం, ప్రాంతం, స్కేలు అన్నవి లేకుండా షుల్టర్‌బ్లాట్ వీధిని వర్ణించడమే సాధ్యం కాదు. తేలేది ఒక్కటి: ఈ భావనలు ఎక్కడ, ఎంత, ఏ దారిన అన్న ప్రశ్నలకు జవాబిస్తాయి, ఎవరి నిర్ణయం వల్ల అన్న ప్రశ్నను వాటంతటవి అడగవు. నిర్ణయవాదమా సాధ్యతావాదమా అనే తగాదా కూడా ఈ ప్రశ్నను తప్పించుకుంటుంది. ఎంపిక మనిషిది అని సాధ్యతావాదం అన్నప్పుడు, ఏ మనిషిది అని అడగవలసి ఉంటుంది. తెలుగులో ఈ శాస్త్రానికి ప్రవేశిక రాసేవారు రాట్‌సెల్ పేరుతో కాక ఒక ఊరి నీటిగొట్టాల పటంతో మొదలుపెడితే, తమ ఊరి కుళాయిలో నీళ్ళు ఏ వేళకు వస్తాయో, పక్కవీధికి ఎందుకు రావో తెలిసిన విద్యార్థికి ఆ పాఠం అప్పటికే సగం వచ్చి ఉంటుంది.